కోత ఎక్కడ పడింది: పూర్వప్రొటీన్ నుంచి రిసెప్టర్ దాకా ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

మన ఒంట్లో కబురు మోసే పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) నేరుగా ఆ రూపంలో తయారు కావు. ముందు ఒక పొడవాటి పూర్వప్రొటీన్ తయారవుతుంది. కణం దాన్ని కొన్ని చోట్ల కోసి, చివర్లు సవరించి, బయటికి పంపుతుంది. పూర్వప్రొటీన్ వరుస (దానిలోని అమైనో ఆమ్లాల క్రమం) ఇస్తే లోపలి పెప్టైడ్లను కోసి చూపించి, ఒక్కోదాని పక్కన దాని రిసెప్టర్‌ను (ఆ కబురు అందుకునే ప్రొటీన్‌ను) చేర్చే ప్రోగ్రామ్ రాయాలన్నది నా పని.

మనిషి పెప్టైడ్ల హద్దులు యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్‌లో ఇప్పటికే ఉన్నాయి కదా, మళ్ళీ కోయడం దేనికని అడగవచ్చు. వాటిని నేను జవాబుపత్రంలా వాడాను. ఎవరూ హద్దులు గుర్తించని క్షీరదాల జన్యువుల మీద ఈ ప్రోగ్రామ్ నడపాలంటే, జవాబు తెలిసిన చోట అది ఎంత తప్పుతోందో ముందు తెలియాలి.

పనిముట్లు: పైథాన్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల నమూనాలు వెతికే పద్ధతి), యూనిప్రాట్ ఫాస్టా ఫైళ్ళు (ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరం చొప్పున వరుసలుండే ఫైళ్ళు), ఒక స్ప్రెడ్‌షీట్.

పరీక్షకు తీసుకున్నవి 15 మానవ పూర్వప్రొటీన్లు, వాటి నుంచి రావలసిన 20 పెప్టైడ్లు: ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్, జీఎన్ఆర్‌హెచ్, టీఆర్‌హెచ్, సబ్‌స్టెన్స్ పి, న్యూరోకైనిన్ ఎ, ఏసీటీహెచ్, ఆల్ఫా-ఎంఎస్‌హెచ్, బీటా-ఎండార్ఫిన్, మెట్-ఎన్‌కెఫాలిన్, ల్యూ-ఎన్‌కెఫాలిన్, న్యూరోపెప్టైడ్ వై, కిస్‌పెప్టిన్-54, గాలనిన్, గ్రెలిన్, గ్లూకగాన్, జీఎల్‌పీ-1, యాంజియోటెన్సిన్ 2, ఎండోథెలిన్-1, సీజీఆర్‌పీ.

దశ 0: పేరు దగ్గరే తప్పు

మొదటి రెండు రోజులు వృథా అయ్యాయి. వెతుకుడు పెట్టెలో 'సిగ్నల్ పెప్టైడ్' అని కొట్టాను. కణం బయటికి వెళ్ళే ప్రొటీన్లన్నీ వచ్చి పడ్డాయి. సిగ్నల్ పెప్టైడ్ అంటే ప్రొటీన్ మొదట్లో ఉండే చిరునామా చీటీ. స్రవించే దారిలోకి ప్రొటీన్‌ను చేర్చాక దాన్ని కోసి పారేస్తారు. నాకు కావలసింది సిగ్నలింగ్ పెప్టైడ్, అంటే రిసెప్టర్‌ను పట్టుకుని కబురు చెప్పేది. జీవరసాయనం చదివినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. అందుకే నా ఫైళ్ళలో మొదటిదాన్ని 'చీటీ' అనీ, రెండోదాన్ని 'పెప్టైడ్' అనీ రాసుకుంటున్నాను.

దశ 1: మొదటి కోత

పాఠ్యపుస్తకం చెప్పే నియమం సులువైనదే. లైసిన్, ఆర్జినిన్ అనే రెండు క్షార అమైనో ఆమ్లాలు పక్కపక్కన ఉన్న చోట కోత పడుతుంది. దాన్నే ఇలా రాశాను:

1. చీటీని తీసేయి.
2. లైసిన్ గానీ ఆర్జినిన్ గానీ రెండు, అంతకంటే ఎక్కువ వరుసగా ఉన్న ప్రతిచోటా కోసి, ఆ క్షారాలను పారేయి.
3. ముక్క చివర గ్లైసిన్ ఉంటే తీసేసి 'అమైడ్' అని గుర్తు పెట్టు. పామ్ అనే ఎంజైమ్ చివరి గ్లైసిన్‌ను విరిచి, దాని నైట్రోజన్‌ను మాత్రం ముందున్న ఆమ్లానికి వదిలేస్తుంది.
4. 5 కంటే తక్కువ ఆమ్లాలున్న ముక్కలను చెత్తగా లెక్కించు.

నాలుగో దశ దాకా 'సరి' అంటే వరుస ఒక్క అక్షరం తేడా లేకుండా కలవడమే. అమైడ్ లాంటి సవరణల లెక్క తర్వాత.

సరిగ్గా వచ్చినవి న్యూరోకైనిన్ ఎ, ఆల్ఫా-ఎంఎస్‌హెచ్, రెండు ఎన్‌కెఫాలిన్లు, న్యూరోపెప్టైడ్ వై, కిస్‌పెప్టిన్, గాలనిన్, సీజీఆర్‌పీ.

లెక్క: 20లో 8.

దశ 2: రెండు గ్లైసిన్ల కథ

ఆక్సిటోసిన్ 9 ఆమ్లాల పెప్టైడ్. నా ప్రోగ్రామ్ 8 ఇచ్చింది. వాసోప్రెసిన్‌లోనూ ఒకటి తక్కువ, జీఎన్ఆర్‌హెచ్‌లోనూ ఒకటి తక్కువ. మూడూ కుడి చివరే తప్పాయి.

పూర్వప్రొటీన్‌లో ఆక్సిటోసిన్ తోక ఇలా ఉంటుంది: ప్రో-ల్యూ-గ్లై-గ్లై-లైస్-ఆర్జ్ (ప్రోలిన్, ల్యూసిన్, గ్లైసిన్, లైసిన్, ఆర్జినిన్‌ల పొట్టి పేర్లు). ఇక్కడ మొదటి గ్లైసిన్ పెప్టైడ్‌దే, అది ఉండాలి. అమైడ్ కోసం పోవలసింది రెండోది ఒక్కటే. నేను వాడిన ఆర్‌స్ట్రిప్ అనే పైథాన్ ఫంక్షన్ చివర ఉన్న గ్లైసిన్లన్నిటినీ తుడిచేస్తుంది. వాసోప్రెసిన్, జీఎన్ఆర్‌హెచ్ తోకల్లోనూ ఇదే జంట గ్లైసిన్. ఒక్క అక్షరం మాత్రమే తీసేలా మార్చాను. ఈ పని ఎవరు మొదలుపెట్టినా ముందు ఈ మూడింటి మీద పరీక్షించుకోండి. ఎక్కడా ఎర్రర్ రాదు, తప్పు జవాబు చూడ్డానికి సరిగ్గానే కనిపిస్తుంది.

టీఆర్‌హెచ్ అసలు కనబడలేదు. దానిలో ఉన్నవి మూడే ఆమ్లాలు: పైరోగ్లుటమేట్, హిస్టిడిన్, ప్రోలిన్. మనిషి పూర్వప్రొటీన్‌లో ఆరు కాపీలున్నాయి, ఆరింటినీ నా నాలుగో నియమం చెత్తబుట్టలో వేసింది. కనీస పొడవును 3కి దించాను. చెత్త ముక్కలు పెరిగాయి కానీ, ఉన్న పెప్టైడ్‌ను పోగొట్టుకోవడం కంటే అదే నయం.

లెక్క: 20లో 12.

దశ 3: సబ్‌స్టెన్స్ పి మొదటి అక్షరం

ఎక్కువ రోజులు పట్టింది ఈ దశకే.

సబ్‌స్టెన్స్ పిలో 11 ఆమ్లాలు. ఆర్జినిన్‌తో మొదలై ఆర్జ్-ప్రో-లైస్-ప్రో అని సాగుతుంది. నా ప్రోగ్రామ్ ఆ మొదటి ఆర్జినిన్‌ను మింగేసి 10 ఇచ్చింది. పూర్వప్రొటీన్‌లో ఆ చోటు ఇలా ఉంది (బ్రాకెట్లలో స్థానాలు; ఐలీ అంటే ఐసోల్యూసిన్, అలా అంటే అలనిన్):

ఆర్జ్(54)-ఐలీ-అలా-ఆర్జ్(57)-ఆర్జ్(58)-ప్రో(59)-లైస్-ప్రో

అసలు కోత 57, 58 మధ్య, అంటే రెండు ఆర్జినిన్ల నడుమ పడుతుంది. 'క్షారాల జంట తర్వాత కోత' అనే నియమం ప్రకారం అది 58 తర్వాత పడాలి. ఎందుకు పడదో రెండు సంగతులు కలిపి చూస్తేనే అర్థమైంది.

మొదటిది: పూర్వప్రొటీన్లను కోసే కన్వర్టేజ్ ఎంజైమ్‌లకు క్షారాలు పక్కపక్కనే ఉండనవసరం లేదు. మధ్యలో 0, 2, 4, 6 ఆమ్లాల ఎడం ఉన్నా రెండో క్షారం తర్వాత కోయగలవు. 54కి, 57కి మధ్య ఎడం సరిగ్గా 2.

రెండోది: కోత పడే చోటుకు వెంటనే ప్రోలిన్ ఉంటే ఈ ఎంజైమ్‌లు కోయడానికి ఇష్టపడవు. 58 తర్వాత ఉన్నది ప్రోలినే.

ఈ రెండూ రాసి, క్షారాలను ఎడమ చివర తుడవడం మానేశాను. సబ్‌స్టెన్స్ పి పూర్తిగా వచ్చింది. జీఎల్‌పీ-1 కూడా వచ్చింది. పాత నియమంతో దానికి ముందు ఆరు ఆమ్లాలు అదనంగా అంటుకుని వచ్చేవి. ఆ పొడవాటి రూపం రిసెప్టర్ మీద బాగా బలహీనం. జీఎల్‌పీ-1 పేరు వెనక '7-36' అంకెలు ఎందుకుంటాయో నాకు ఇక్కడ కళ్ళకు కట్టింది: లెక్క మొదలైంది పొడవాటి రూపం నుంచి, పనిచేసేది ఏడో ఆమ్లం నుంచి.

సంతోషించి మొత్తం 20 మీద నడిపాను.

లెక్క: 20లో 11. తగ్గింది!

ఎడం నియమం రెండు ఇచ్చి మూడు లాక్కుంది:

1. సీజీఆర్‌పీలో 11వ, 18వ స్థానాల్లో ఆర్జినిన్లు, మధ్య ఎడం 6. అక్కడ కోసేసింది.
2. గాలనిన్‌లో 20వ స్థానంలో ఆర్జినిన్, 25లో లైసిన్, ఎడం 4. అక్కడా కోసింది.
3. న్యూరోకైనిన్ ఎకి ముందు లైస్-ఆర్జ్, లోపల హిస్-లైస్. ఆ రెండు లైసిన్ల మధ్య ఎడం 2. మొదటి రెండు ఆమ్లాలు తెగిపోయాయి.

ఎడాన్ని 2కే పరిమితం చేస్తే జీఎల్‌పీ-1 పోతుంది, న్యూరోకైనిన్ మాత్రం తిరిగి రాదు. 6 మాత్రమే ఉంచితే సబ్‌స్టెన్స్ పి పోతుంది. రెండు సాయంత్రాలు ఇలా అంకెలు తిప్పి చూశాక మానేశాను. ఎడం ఉన్న చోటు కోయదగిన చోటు మాత్రమే, అక్కడ కోస్తారని హామీ లేదు. ప్రొటీన్ మడత, ఆ చోటు ఎంజైమ్‌కు అందేలా ఉందా లేదా అన్నది వరుసలో కనిపించదు.

మార్పు: కోతలను రెండు రకాలు చేశాను. పక్కపక్క జంటలవి 'గట్టి కోతలు', ఎడం ఉన్నవి 'సూచనలు'. సూచనలను ప్రోగ్రామ్ చూపిస్తుంది, కోయదు. ఆధారం చూసి నేను ఒప్పుకుంటేనే కోత. ప్రోలిన్ నియమం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

లెక్క: 20లో 14. ఇందులో 2 చేత్తో ఒప్పుకున్నవి.

ప్రోలిన్ నియమం సరైనదేనని ఇంకోచోట రుజువు దొరికింది. ఏసీటీహెచ్‌లో 15 నుంచి 18 దాకా లైస్-లైస్-ఆర్జ్-ఆర్జ్, 19లో ప్రోలిన్. నా ప్రోగ్రామ్ 17 తర్వాత కోసి, ఆర్జినిన్‌తో మొదలయ్యే ముక్కను ఇచ్చింది. క్లిప్ అనే పెప్టైడ్ అచ్చంగా అదే: ఏసీటీహెచ్‌లో 18 నుంచి 39 దాకా. నేను దాన్ని పరీక్ష జాబితాలో పెట్టనే లేదు. అడగకుండా వచ్చిన సరైన జవాబు కాబట్టి, మిగతా అన్నిటికంటే ఈ నియమం మీద నాకు నమ్మకం ఎక్కువ.

దశ 4: కోసేది ఏ కణం?

బీటా-ఎండార్ఫిన్‌లో 31 ఆమ్లాలు, నాకు 27 వచ్చాయి. 28, 29 స్థానాల్లో లైస్-లైస్ ఉంది. జంటలన్నీ సమానం కావు: ఎక్కువగా తెగేవి లైస్-ఆర్జ్, ఆర్జ్-ఆర్జ్. లైస్-లైస్, ఆర్జ్-లైస్ జంటలను సూచనల కిందికి దించాను. బీటా-ఎండార్ఫిన్ సరిపోయింది. 27 ఆమ్లాల రూపం కూడా శరీరంలో నిజంగానే ఉంటుంది కనుక ఆ సూచనను చెరిపేయలేదు.

లెక్క: 15.

తర్వాతి చిక్కు ఏసీటీహెచ్. అది 39 ఆమ్లాల పెప్టైడ్, ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ దాని మొదటి 13. ఒకదాన్ని కోస్తేనే రెండోది. రెండూ ఒకే కోతలో రావు, రెండూ నా జవాబుపత్రంలో ఉన్నాయి! ఏ నియమం రాసినా ఏదో ఒకటి తప్పక తప్పుతుంది.

ఇక్కడ తప్పు కోతలు రాసుకున్న నా పట్టికదే, దానిలో 'కణం' అనే నిలువు వరుస లేదు. పిట్యూటరీ ముందు భాగంలోని కార్టికోట్రోఫ్ కణాల్లో ప్రధానంగా పీసీ1/3 అనే కన్వర్టేజ్ ఉంటుంది, అది ఏసీటీహెచ్ దగ్గర ఆగుతుంది. పీసీ2 అనే మరో కన్వర్టేజ్ కూడా ఉన్న మధ్య భాగపు కణాల్లో, హైపోథలమస్ నాడీకణాల్లో ఇంకా లోపలికి కోత పడి ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ వస్తుంది. గ్లూకగాన్, జీఎల్‌పీ-1ల పూర్వప్రొటీన్ అయిన ప్రోగ్లూకగాన్ కూడా ఇంతే. క్లోమంలోని ఆల్ఫా కణాల్లో పీసీ2 గ్లూకగాన్‌ను ఇస్తుంది, పేగులోని ఎల్ కణాల్లో పీసీ1/3 జీఎల్‌పీ-1ను ఇస్తుంది. రక్తంలో చక్కెర పెంచేదీ, ఇన్సులిన్‌ను పురికొల్పేదీ ఒకే ప్రొటీన్‌లోంచి వస్తాయి, ఏది వస్తుందో కోసే ఎంజైమ్ మీద ఆధారపడుతుంది.

పట్టికలో ప్రతి కోతకూ 'ఎంజైమ్', 'కణం' చేర్చాను. ఏసీటీహెచ్ సరిపోయింది: 16.

గ్లూకగాన్ లోపల 17, 18లో ఆర్జ్-ఆర్జ్ ఉంది. గట్టి కోతల నియమం ప్రకారం తెగాలి, ఆల్ఫా కణంలో తెగదు. దీనికి నియమం దొరకలేదు. ఒక 'ఆపు' జాబితా పెట్టి, ఆ ఒక్క చోటు రాశాను: 17.

మిగిలిన మూడూ నా పద్ధతికి లొంగవు:

1. యాంజియోటెన్సిన్ 2. దీన్ని కోసేది కణం లోపలి కన్వర్టేజ్ కాదు. కాలేయం పంపిన యాంజియోటెన్సినోజెన్‌ను (దీని పూర్వప్రొటీన్‌ను) రక్తంలో రెనిన్ అనే ఎంజైమ్ 10వ, 11వ ఆమ్లాల మధ్య (మనిషిలో ల్యూసిన్, వాలిన్) కోస్తుంది. తర్వాత ఏసీఈ అనే ఎంజైమ్ చివరి రెండూ తీసి 8 మిగులుస్తుంది.
2. ఎండోథెలిన్-1. పెద్ద ఎండోథెలిన్ అనే మధ్యంతర రూపాన్ని ఈసీఈ అనే ఎంజైమ్ ట్రిప్టోఫాన్(21), వాలిన్(22) మధ్య కోస్తుంది.
3. గ్రెలిన్. 28వ ఆర్జినిన్ తర్వాత కోత. దానికి దగ్గరి క్షారం 24వ లైసిన్, ఎడం 3. నా ఏ నియమానికీ అందదు.

మూడింటినీ చేత్తో ఎక్కించి, 'నియమం వెలుపల' అని గుర్తు పెట్టాను.

లెక్క: 20లో 20. నియమాలతో 14, సూచన ఒప్పుకుని 2, ఆపు జాబితాతో 1, చేత్తో 3. ఎవరికైనా చూపిస్తే ఇలా విడదీసి చూపించాలి, '20కి 20' అని మాత్రం చెప్పకూడదు.

దశ 5: తూకం వేసి చూడటం

వరుస సరిపోతే పెప్టైడ్ సరిపోయినట్టు కాదు. ద్రవ్యరాశి లెక్కగట్టి, తెలిసిన విలువతో పోల్చాను. ఆక్సిటోసిన్ మెట్లు ఇవీ (డాల్టన్లలో):

1. తొమ్మిది ఆమ్లాలు, నీరు కలిపి: 1009.436
2. అమైడ్ (0.984 తగ్గింపు): 1008.452
3. రెండు సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధం (2.016 తగ్గింపు): 1006.436

మూడో మెట్టు మొదట మరిచిపోయాను. ఆ తర్వాత కూడా 0.75 తేడా కనబడుతూనే ఉంది. అర రోజు వెతికాక తెలిసింది, నేను పోల్చిన 1007.19 సగటు అణుభారం (ఐసోటోపులన్నిటి సగటు), నాది మోనోఐసోటోపిక్ విలువ (ఒక్కో మూలకంలో ఎక్కువగా దొరికే ఐసోటోపుతో మాత్రమే వేసిన లెక్క). రెండూ సరైనవే, పోల్చడమే తప్పు. నిలువు వరుస పేరులోనే 'మోనో' అని రాసుకోండి.

సబ్‌స్టెన్స్ పి అమైడ్‌తో 1346.728, సరిపోయింది. జీఎన్ఆర్‌హెచ్ 17.027 ఎక్కువ వచ్చింది. మొదటి గ్లుటమిన్ అమోనియా పోగొట్టుకుని ఉంగరంలా ముడుచుకుని పైరోగ్లుటమేట్ అవుతుంది, అది తీసేస్తే 1181.573. టీఆర్‌హెచ్‌దీ అదే సవరణ: 362.170.

ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌కు ముందు చివర ఎసిటైల్ (42.011) కలపాలి. గ్రెలిన్‌కు మూడో స్థానంలోని సెరిన్ మీద ఎనిమిది కార్బన్ల కొవ్వు ఆమ్లం అతుక్కుంటుంది (126.104). ఇది లేకపోతే గ్రెలిన్ తన రిసెప్టర్‌ను మేల్కొల్పలేదు. గ్రెలిన్ 1999లో దొరికినా, ఆ కొవ్వును అతికించే గోట్ ఎంజైమ్ 2008లో గానీ తెలియలేదు. వరుసలో దీని జాడ ఏమీ ఉండదు. కొత్త పెప్టైడ్‌ను వరుస చూసి తయారు చేయించి 'పనిచేయలేదు' అని పక్కన పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దశ 6: రిసెప్టర్ల పట్టిక

మొదట 'పెప్టైడ్, రిసెప్టర్' అని రెండే నిలువు వరుసలు పెట్టాను. వాసోప్రెసిన్ దగ్గరే విరిగింది: వీ1ఎ, వీ1బి, వీ2 అని మూడు. గాలనిన్‌కు మూడు, ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌కు నాలుగు. ఒక పెప్టైడ్-రిసెప్టర్ జతకు ఒక అడ్డ వరుస చొప్పున మళ్ళీ రాశాను. ప్రధానమైన జతలే తీసుకున్నాను. ఆక్సిటోసిన్ వీ1ఎ రిసెప్టర్‌ను కూడా తాకగలదు, న్యూరోకైనిన్లు ఒకదాని రిసెప్టర్‌ను మరొకటి వాడుకోగలవు. అలాంటివి వేరే షీట్లో.

రెండోసారి విరిగింది సీజీఆర్‌పీ దగ్గర. దాని రిసెప్టర్ ఒకే జన్యువు నుంచి వచ్చేది కాదు. సీఎల్‌ఆర్ అనే రిసెప్టర్‌కు ర్యాంప్1 అనే చిన్న ప్రొటీన్ తోడైతేనే అది సీజీఆర్‌పీ రిసెప్టర్. అదే సీఎల్‌ఆర్‌కు ర్యాంప్2 గానీ ర్యాంప్3 గానీ తోడైతే అడ్రినోమెడులిన్ రిసెప్టర్. 1998లో ఇది బయటపడే దాకా, సీఎల్‌ఆర్‌ను కణాల్లో పెట్టినవాళ్ళకు అది దేనికి స్పందిస్తుందో స్థిరంగా తేలలేదు. కణంలో ఏ ర్యాంప్ ఉందన్న దాని మీద ఫలితం మారుతుంది మరి. ఏసీటీహెచ్ రిసెప్టర్ ఎంసీ2ఆర్‌కు కూడా ఎంఆర్ఏపీ అనే తోడు కావాలి, లేకపోతే అది కణం ఉపరితలానికే సరిగా చేరదు. మెలనోకార్టిన్ రిసెప్టర్లు (ఏసీటీహెచ్, ఎంఎస్‌హెచ్‌లకు పలికే కుటుంబం) ఐదింటిలో ఎంసీ2ఆర్ ఒక్కటే ఏసీటీహెచ్‌కు తప్ప ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌కు పలకదు. కాబట్టి నాలుగో దశలో కణం గురించి పడ్డ తంటా అంతా ఇక్కడ అవసరమైంది: ఏసీటీహెచ్‌లో 17 తర్వాత కోత పడితే అడ్రినల్ గ్రంథికి కబురు అందదు.

'తోడు ప్రొటీన్' అనే నిలువు వరుస చేర్చాను.

లెక్క: 20 పెప్టైడ్లు, 34 అడ్డ వరుసలు. తోడు అవసరమైనవి 2.

ఇంకో మార్పు. ఈ 34 వరుసల్లోనూ రిసెప్టర్లు జీ-ప్రొటీన్ రకమే (జీ-ప్రొటీన్ ద్వారా కబురును కణం లోపలికి పంపేవే) కాబట్టి నిలువు వరుసకు 'జీపీసీఆర్' అని పేరు పెట్టాను. తర్వాత ఏఎన్‌పీ అనే గుండె హార్మోన్‌ను చేర్చబోతే చోటు లేదు. దాని రిసెప్టర్ తానే ఒక గ్వానిలిల్ సైక్లేజ్ ఎంజైమ్, ఇన్సులిన్‌ది టైరోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్. పేరు 'రిసెప్టర్' అని, పక్కన 'రకం' అని మార్చాను.

దశ 7: మనిషి పట్టికను చిట్టెలుకకు దించడం

పట్టికలోని మానవ అడ్డ వరుసలను కాపీ చేసి జన్యువుల పేర్లు మారిస్తే చాలనుకున్నాను. ప్రోగ్రామ్ చిట్టెలుక వరుసల మీద ఇచ్చిన ఫలితాలతో అది కలవలేదు. ఈసారి ప్రోగ్రామే సరి, నా పట్టిక తప్పు.

గాలనిన్: మనిషిలో 30 ఆమ్లాలు, అమైడ్ లేదు. చిట్టెలుకలో 29, అమైడ్ ఉంది. మనిషిలో 30వ స్థానం సెరిన్, చిట్టెలుకలో అక్కడ గ్లైసిన్. ఆ గ్లైసినే అమైడ్‌గా మారుతుంది. ఒక్క ఆమ్లం మారితే పొడవు, చివర రెండూ మారాయి.

కిస్‌పెప్టిన్: మనిషిలో చివర ఫినైల్అలనిన్ అమైడ్, చిట్టెలుకలో టైరోసిన్ అమైడ్.

రిసెప్టర్ల వైపు ఇంకా ఎక్కువ. న్యూరోపెప్టైడ్ వై రిసెప్టర్లలో వై6 చిట్టెలుకలో పనిచేస్తుంది, మనిషిలో శిథిల జన్యువు. టీఆర్‌హెచ్‌కు చిట్టెలుకలో రెండో రిసెప్టర్ ఉంది, మనిషిలో కనబడదు. ఎంసీహెచ్ అనే పెప్టైడ్‌కు రెండో రిసెప్టర్ మనిషిలో ఉంది, ఎలుకల్లో, చిట్టెలుకల్లో లేదు. మోటిలిన్ అయితే చిట్టెలుకలో పెప్టైడూ లేదు, రిసెప్టరూ లేదు.

'లేదు' అనే సమాచారాన్ని ఖాళీ గడిగా వదిలేయడం నా చివరి తప్పు. ఖాళీ అంటే 'ఇంకా చూడలేదు' అని కూడా అర్థం వస్తుంది. ఇప్పుడు ప్రతి గడిలో మూడింటిలో ఒకటి తప్పనిసరి: ఉంది, లేదు, చూడలేదు. మోటిలిన్, ఎంసీహెచ్ వరుసలను పరీక్ష జాబితాలోకి తెచ్చాను. ఎంసీహెచ్‌లో 19 ఆమ్లాలు, ఒక డైసల్ఫైడ్ బంధం. దాని తూకం ఇంకా వేయాలి.